వెండితెర ముచ్చట్లు: అనుమానానికొక టిక్కెట్టు



ఈ శీర్షికకు గత రెండు మూడు సంచికలుగా వస్తున్న ఉత్తరాలలో ఒక కోరిక తరచుగా కనిపిస్తున్నది. పౌరాణికాల గురించి, పాత పాటల గురించి వ్రాసింది చాలు, ఈ మధ్య వస్తున్న థ్రిల్లర్ల సంగతి కూడా కాస్త పట్టించుకొమ్మని యువ పాఠకులు అడుగుతున్నారు. ఫైనాన్సు విభాగానికి చెందిన ఒక సోదరి మాత్రం అదే ఉత్తరంలో ఒక షరతు పెట్టారు. "ఏమి వ్రాసినా వ్రాయండి గాని, ముగింపు మాత్రం చెప్పకండి. పోయినసారి మీరు ముందే చెప్పేయడంతో మా పిల్లలు సగం సినిమాకే లేచి వచ్చేశారు" అని. తప్పు మాదే, లెంపలు వేసుకున్నాము. కనుక ఈ సంచికలో ఏ చిత్రంలోనూ దోషి ఎవరో చెప్పబోము. ఒక్క దోషిని మాత్రం బయటపెడతాము. అతడు ఏ సినిమాలోనూ లేడు. ఆ సంగతి దాని చోట వస్తుంది.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాదు ప్రాంతాలలో స్థిరపడిన మన కుటుంబాలకు తెలుగు సినిమా చూడడమంటే ఒకప్పుడు తపస్సు చేయడమే. దూరదర్శన్ జాతీయ ప్రసారంలో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాలు వేసేవారు. మన భాష వంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూచేవాళ్లము. వచ్చిన నాడు వంట తొందరగా ముగించి, తలుపులు బార్లా తెరిచి పెడితే, అడుగున పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ పక్కింటి పంజాబీ కుటుంబం కూడా వచ్చి కూర్చునేది. ఆ తరువాత వీడియో క్యాసెట్ల కాలం వచ్చింది. ఎ.పి. ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే బంధువుల పెట్టెలలో ఆవకాయ జాడీ పక్కన క్యాసెట్లు కూడా ప్రయాణం చేసేవి. ఇప్పుడా బాధ లేదు. హైదరాబాదులో విడుదలైన రోజే నోయిడా, గురుగ్రామ్ మల్టీప్లెక్సులలోనూ చూడగలుగుతున్నాము. టిక్కెట్టు ఖరీదు సంగతి వేరు.

అపరాధ పరిశోధన మీద మనవారికి మోజు నేటిది కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మన ఇళ్లలో బంధువులంత పరిచితులు. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలో చివరి రెండు పేజీలు చినిగిపోయి ఉంటే కలిగే వేదన అనుభవించిన వారికే తెలుస్తుంది. వెండితెర మీద అటువంటి ఉత్కంఠను మాకు మొదట రుచి చూపినది 1985లో వంశీ దర్శకత్వంలో వచ్చిన 'అన్వేషణ'. పక్షుల కూతల మీద పరిశోధనకని అడవికి వచ్చిన అమ్మాయిగా భానుప్రియ, అంతుచిక్కని యువకుడుగా కార్తీక్. అడవిలో వరుసగా మరణాలు. అన్నీ పులి పని అని అందరి నమ్మకం. ఇళయరాజా గారి నేపథ్య సంగీతం వింటుంటే ఆకు కదిలినా అనుమానం కలిగేది. పులి నోరు లేని జంతువు. తన తరఫున ఒక్క మాటైనా చెప్పుకోలేదు. నేరం మోపడానికి అటువంటి వారే అనుకూలంగా ఉంటారన్న సంగతి ఆనాడు మాకు తట్టలేదు.

2005లో చంద్రశేఖర్ యేలేటి 'అనుకోకుండా ఒక రోజు' తీశారు. ఒక అమ్మాయి జీవితంలో ఒక రోజు మొత్తం జ్ఞాపకం నుంచి జారిపోతుంది. ఆ రోజు ఏమి జరిగిందో ఆమెకు తెలియదు, మనకూ తెలియదు. ఆమెతో పాటే మనమూ వెతుకుతాము. ఇదొక పద్ధతి. కథలోని మనిషికి ఎంత తెలుసో ప్రేక్షకుడికీ అంతే తెలుస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురైన పద్ధతి మరొకటి ఉంది. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో జరిపిన ప్రసిద్ధమైన సంభాషణలో దీనికొక ఉదాహరణ ఇచ్చారు. బల్ల కింద బాంబు ఉన్నదని ఎవరికీ తెలియకపోతే, అది పేలినప్పుడు ప్రేక్షకుడు కొన్ని క్షణాలు మాత్రం ఉలిక్కిపడతాడు. బాంబు ఉన్నదని ప్రేక్షకుడికి ముందే చెప్పి, బల్ల దగ్గర కూర్చున్నవారికి చెప్పకపోతే, వారు మాట్లాడుకుంటున్నంతసేపూ అతని ప్రాణం గిలగిలలాడుతుంది. మొదటిది ఆశ్చర్యం, రెండవది ఉత్కంఠ.

ఈ రెండవ పద్ధతికి మన కాలపు గొప్ప ఉదాహరణ 'దృశ్యం'. జీతూ జోసెఫ్ 2013లో మోహన్‌లాల్‌తో మలయాళంలో తీసిన ఈ చిత్రాన్ని 2014లో శ్రీప్రియ వెంకటేష్‌తో తెలుగులో తీశారు. కన్నడం, తమిళం, హిందీ భాషలలోకే కాక సింహళంలోకి, చైనా భాషలోకి కూడా ఈ కథ వెళ్లింది. ఏమి జరిగిందో మనకు ముందే తెలుసు. దానిని ఒక మామూలు సంసారి ఎలా కప్పిపుచ్చుతాడన్నదే కథ. బస్సు టిక్కెట్టు, లాడ్జి రసీదు, హోటలు బిల్లు, సినిమా టిక్కెట్టు, వాటి మీద తేదీలు. టి.ఏ. బిల్లుతో జతచేయడానికి రసీదులు వెతుక్కునే మనబోటి వారికి ఈ చిత్రం అర్థమైనంతగా మరెవరికీ అర్థమై ఉండదు. మా అకౌంట్సు మిత్రుడొకరు హాలులోంచి బయటకు వస్తూ, "ఇటువంటి బిల్లు నా దగ్గరకు వస్తే కళ్లు మూసుకుని పాస్ చేసేవాణ్ణి" అన్నారు.

ఆ చిత్రం చూచిన తరువాత మాకు కొంచెం గర్వం పెరిగిన మాట నిజం. ఏ కాగితం వెనుక ఏముందో, ఏ ముఖం వెనుక ఏముందో పసికట్టగలమన్న ధీమా కలిగింది. ఆ ధీమా ఎక్కడికి దారితీసిందో ఇక్కడ చెప్పవలసి ఉన్నది. సినిమా శీర్షికలో ఇంటి సంగతులేమిటని సంపాదకులు కోప్పడకుందురు గాక.

2015 మార్చి నెల, హోలీ వెళ్లిన తరువాతి ఆదివారం. చలి వెనుకబట్టింది. ఎండ బాగా కాసింది. మా కాలనీలో ప్రతి మేడ మీదా రజాయిలు ఆరుతున్నాయి. సాయంత్రానికి వాటిని గలీబులలో కుక్కి, పెట్టె మంచాలలో సర్ది, ఆడవారందరూ నడుములు పట్టుకుని కూర్చున్నారు. మరునాడు ఉదయం మా ఎదురింటి గృహిణి చేతికి ఉండవలసిన రెండు బంగారు గాజులలో ఒకటి కనిపించలేదు. ఇల్లంతా వెతికారు. ఆ ఇంట్లో ఆరేళ్లుగా పని చేస్తున్న మనిషి ఆ రోజూ, మరునాడూ పనికి రాలేదు.

సాయంత్రం పార్కులో నలుగురమూ చేరాము. "అన్నయ్యగారూ, మీరిన్ని డిటెక్టివ్ సినిమాలు చూస్తారు కదా, మీకేమనిపిస్తున్నది?" అని ఆమె మమ్మల్ని అడిగారు. అడగడమే తడవుగా మేము మొదలుపెట్టాము. ఆ మనిషికి ఇంటిలో ప్రతి మూలా తెలుసు. కూతురి పెళ్లి చేయాలని రెండు నెలలుగా అప్పులు అడుగుతున్నది. గాజు పోయిన రోజు నుంచే రావడం మానేసింది. అవసరం, అవకాశం, పరారీ. ఒకదాని వెనుక ఒకటి చక్కగా అమరిపోయాయి. చుట్టూ ఉన్నవారు ఊపిరి బిగపట్టి విన్నారు. "సినిమా చూచినట్టే ఉందండీ" అని ఒకరు మెచ్చుకున్నారు కూడా. మూడవనాడు ఆమె పనికి వచ్చింది. జ్వరమన్నది. ఎవరూ నమ్మలేదు. గేటు దగ్గర ఆమె సంచి విప్పించి చూచారు. ఏమీ దొరకలేదు. అయినా ఆమె గేటు పాసు రద్దయింది. ఆ సంగతి అంతటితో ముగిసిందని అందరమూ అనుకున్నాము.

ఆ సంవత్సరం అక్టోబరు 2న మేఘనా గుల్జార్ దర్శకత్వంలో 'తల్వార్' విడుదలైంది. కథారచన విశాల్ భరద్వాజ్, పరిశోధకుడుగా ఇర్ఫాన్ ఖాన్. ఇది మన పొరుగున నోయిడాలో 2008 మే నెలలో జరిగిన జంట హత్యల ఆధారంగా తీసినది. ఆ రోజులలో ఇక్కడ ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. ఒక బాలిక తన గదిలో హత్యకు గురైంది. ఇంట్లో పనిచేసే మనిషి కనబడలేదు. కనబడని వాడే హంతకుడని మొదటి రోజే తేల్చి, పోలీసులు అతని కోసం వెతకసాగారు. మరునాడు అతని మృతదేహం అదే ఇంటి మేడ మీద దొరికింది. అందరూ దోషి అని నిశ్చయించిన మనిషి, అదే రాత్రి బలైపోయిన రెండవ వ్యక్తి.

చిత్రం ఆ రాత్రిని ఒకసారి కాదు, అనేకసార్లు చూపిస్తుంది. పోలీసులు చెప్పిన కథ ప్రకారం ఒకసారి, మొదటి పరిశోధక బృందం కథ ప్రకారం మరొకసారి, ఆ తరువాత వచ్చిన బృందం కథ ప్రకారం ఇంకొకసారి. గది అదే, మనుషులు వారే, గడియారం అదే. ప్రతిసారీ నేరస్థులు మాత్రం వేరు. చూస్తున్నంతసేపూ ఏ కథకు ఆ కథ నిజమేననిపిస్తుంది. అకిరా కురొసావా 1950లో 'రషోమాన్'లో ప్రపంచానికి చూపించిన పద్ధతి ఇదే. ఒకే సంఘటనను నలుగురు నాలుగు విధాల చెబుతారు. అయితే 'రషోమాన్' పాతకాలపు కథ, ఇది మన మెట్రో రైలు దారిలోని కథ. వాస్తవంలో ఆ కేసు ఎక్కడికి పోయిందో అందరికీ తెలిసినదే. 2013 నవంబరులో ఘాజియాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం బాలిక తల్లిదండ్రులను దోషులుగా నిర్ణయించింది. 2017 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. చక్కగా అల్లిన కథకూ, రుజువైన నిజానికీ మధ్య ఎంత దూరముంటుందో చెప్పడానికి ఇంతకంటె ఏమి కావాలి?

ఆ చిత్రం చూచి ఇంటికి వస్తూ, పనిమనిషి మీద అంత తొందరగా నేరం మోపినందుకు మేము పోలీసులను దారి పొడుగునా దుయ్యబట్టాము. మా శ్రీమతి ఏమీ మాట్లాడలేదు. మేము గమనించలేదు.

నవంబరు వచ్చింది. దీపావళి వెళ్లింది. చలి మొదలైంది. ఎదురింట్లో పెట్టె మంచం తెరిచి, రజాయి పైకి తీసి, గలీబు విప్పి దులిపితే, నేల మీద ఖంగుమని ఏదో పడింది.

పాఠకులు ముందే ఊహించి ఉంటారు. ఆధారం మొదటి నుంచీ అందరి కళ్ల ఎదుటనే ఉన్నది. వదులైన గాజు, ఆదివారం ఎండ, చేతులు మోచేతుల దాకా దూర్చి గలీబులో రజాయి కుక్కడం. ఇవన్నీ మాకు తెలిసినవే. అయినా మేము రజాయిని అనుమానించలేదు, మనిషిని అనుమానించాము. రజాయిని అనుమానిస్తే వినేవారికి అందులో కథేముంది?

ఆ తరువాత ఏమైందో చివర చెబుతాము. ఒక్క మాట మాత్రం ఇక్కడే మనవి చేస్తాము. ఆ రోజు నుంచి థ్రిల్లరు చూచే మా దృష్టి మారింది. దోషి ఎవరని ఊహించడం కంటె, దర్శకుడు మా చేత ఎవరిని అనుమానింపజేస్తున్నాడు, మేము ఎందుకంత తొందరగా లొంగిపోతున్నాము అని చూచుకోవడం అలవాటైంది. గత పదేళ్లలో వచ్చిన చిత్రాలలో మా మనసులో నిలిచినవన్నీ ఈ పరీక్షకు ఆగినవే.

2016లో రవికాంత్ పేరేపు దర్శకత్వంలో వచ్చిన 'క్షణం' తీసుకోండి. పాప తప్పిపోయిందని తల్లి మొర పెట్టుకుంటుంది. అసలా పాప ఉన్నదనే ఎవరూ నమ్మరు. తల్లికి మతి చలించిందని తేల్చివేయడం అందరికీ సులభం. అడివి శేష్ పోషించిన కథానాయకుడు కూడా ఒక దశలో సందేహంలో పడతాడు. అతనితో పాటే మనమూ ఆ తల్లిని అపనమ్మకంతో చూస్తాము. ఆ అపనమ్మకం గుర్తుకు వచ్చినప్పుడు కొంచెం సిగ్గుగా ఉంటుంది. చిత్రం గొప్పతనం ఆ సిగ్గులో ఉంది.

2019లో రెండు చిత్రాలు చూచాము. స్వరూప్ తీసిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో నవీన్ పోలిశెట్టి నెల్లూరి డిటెక్టివు. నవ్వుతూ నవ్వుతూ చూస్తుండగా, రైలు పట్టాల పక్కన పడి ఉన్న శవాన్ని ఫోటో తీసినందుకు పోలీసులు అతన్నే పట్టుకుని లోపల వేస్తారు. లోకాన్నంతా అనుమానించేవాడు తానే అనుమానితుడు కావడం ఈ చిత్రంలోని చమత్కారం. నవ్వు వెనుక ఒక చేదు నిజం కూడా ఉన్నది. దిక్కులేని శవాన్ని గురించి అడిగేవారెవరూ ఉండరు. రెండవది వెంకట్ రాంజీ 'ఎవరు'. ఓరియోల్ పౌలో 2016లో తీసిన స్పానిష్ చిత్రం దీనికి మూలం. అదే మూలం నుంచి అదే సంవత్సరం హిందీలో అమితాబ్ బచ్చన్, తాప్సీలతో 'బద్‌లా' వచ్చింది. మూసిన గదిలో ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటారు. చెప్పేవారి మాట వెంట కెమెరా వెళుతుంది. కెమెరా చూపించింది గనుక అది నిజమని మనం నమ్ముతాము. మాట అబద్ధమాడగలిగినప్పుడు, ఆ మాటకు గీసిన బొమ్మ మాత్రం ఎందుకు అబద్ధమాడకూడదు? ఈ ఒక్క ప్రశ్న వేసుకోనందుకు సినిమా అంతా మనల్ని తన వెంట తిప్పుకుంటుంది.

2020లో శైలేష్ కొలను 'హిట్' తీశారు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ఆగిపోయిన ఒక అమ్మాయి మాయమవుతుంది. దారిన పోతూ ఆమెను చివరిసారి పలకరించిన పోలీసు అధికారి మీద అనుమానపు నీడ పడుతుంది. ఆ పాత్రలో మురళీ శర్మ ముఖం మాకు ఇప్పటికీ గుర్తున్నది. ఒకరిని పలకరించడమే నేరమైపోతే మనిషి ఎలా ఉంటాడో ఆ ముఖంలో కనిపిస్తుంది. విశ్వక్ సేన్ పోషించిన పరిశోధకుడు తన పాత గాయాలతో తానే సతమతమవుతుంటాడు. ఆధారం వెంట ఆధారం చూపిస్తూ పోయిన ఈ వరుసలో మూడవ చిత్రం 2025 మే 1న వచ్చింది. నాని నటించిన ఆ చిత్రానికి 'ఎ' సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆధారాల కంటె అందులో రక్తం ఎక్కువ ప్రవహించిందని మా అభిప్రాయం. పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించవలెను.

ఈ మధ్య పల్లెటూరి భయం కూడా బాగా అమ్ముడుపోతున్నది. 2023లో కార్తీక్ వర్మ దండు తీసిన 'విరూపాక్ష' ఆ కోవలోనిది. దానికి సుకుమార్ స్క్రీన్‌ప్లే సమకూర్చారు. క్షుద్రపూజలు చేస్తున్నారన్న నెపం మీద ఊరివారు ఒక దంపతులను సజీవదహనం చేయడంతో కథ మొదలవుతుంది. తెర మీద ఆ మంటలు చూస్తుంటే, చేతబడి, బాణామతి అనే అనుమానంతో మన పల్లెలలో నిజంగా దెబ్బలు తిన్నవారూ, ప్రాణాలు పోగొట్టుకున్నవారూ గుర్తుకు వచ్చారు. చిత్రం ఒళ్లు గగుర్పొడిపించేలా ఉన్న మాట నిజమే. అయితే మంత్రం నిజంగా పనిచేసే కథలో ఆధారానికి పని తగ్గిపోతుంది. మంత్రగాళ్లున్నారనే ఊరి అనుమానానికి తెర బలం చేకూరుస్తుంది. వినోదంగా చూచి హాలులోనే వదిలివేయవలసిన భయం ఇది.

2024లో నితిలన్ సామినాథన్ తమిళంలో తీయగా తెలుగులోకి కూడా వచ్చిన 'మహారాజ' కథ చెప్పే తీరులో మాకు ఆశ్చర్యం కలిగించింది. విజయ్ సేతుపతి పోషించిన క్షురకుడు పోలీసు స్టేషనుకు వెళ్లి, ఇంట్లో చెత్తబుట్ట పోయిందని ఫిర్యాదు చేస్తాడు. స్టేషనంతా నవ్వుతుంది, మనమూ నవ్వుతాము. కాలాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ముందుదో ఏది తరువాతిదో తెలియకుండా అమర్చారు. చివరి ముక్క అమరిన క్షణాన, మొదట నవ్విన నవ్వు గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది.

అదే సంవత్సరం అక్టోబరు 31న, దీపావళికి, రెండు తెలుగు చిత్రాలు ఒకే రోజు వచ్చాయి. సుజీత్, సందీప్ దర్శకత్వంలో కిరణ్ అబ్బవరం నటించిన 'క' మొదటిది. కొండల నడుమ, మధ్యాహ్నం మూడు గంటలకే చీకటి పడే ఊరు. ఇతరుల ఉత్తరాలు చదివే బలహీనత ఉన్న యువకుడు ఆ ఊరి తపాలా కార్యాలయంలో పనికి కుదురుతాడు. ఇతరుల రహస్యాలు చదవాలన్న కోరిక అతనికే ఉన్నదా? ఆ హాలులో టిక్కెట్టు కొని కూర్చున్న మాకు లేదా? రెండవది వెంకీ అట్లూరి 'లక్కీ భాస్కర్'. ఇందులో దోషి ఎవరని వెతకనక్కరలేదు. బొంబాయి బ్యాంకు గుమాస్తా భాస్కర్‌గా దుల్కర్ సల్మాన్ మన కళ్లలోకి చూస్తూ తన కథ తానే చెప్పుకుంటాడు. పదోన్నతి దక్కలేదు, అప్పులవాళ్లు పరువు తీస్తున్నారు, కనుక బ్యాంకు సొమ్ము మీద చేయి వేశానంటాడు. మనమూ తల ఊపుతాము. అక్టోబరు 31 సర్దార్ పటేల్ జయంతి. ఆ తేదీ వచ్చే వారంలోనే మనం విజిలెన్సు జాగృతి వారోత్సవాలు జరుపుకుంటాము. ఉదయం ప్రతిజ్ఞ చేసి, సాయంత్రం భాస్కర్ పట్టుబడకూడదని మనసులో కోరుకున్న సహోద్యోగులు మనలో ఎంతమందో! అనుమానం మాత్రమే కాదు, సానుభూతి కూడా కథకుడు మన చేత పలికించేదేనని ఈ చిత్రం చెబుతున్నది.

ఇన్ని చూచిన మీదట మా ఫిర్యాదులు కూడా చెప్పుకోవాలి. కొందరు దర్శకులు విశ్రాంతి తరువాత ఎప్పుడో, అంతవరకు తెర మీద కనిపించని మనిషిని తెచ్చి, ఇతడే హంతకుడంటారు. ఇది దాచడం కాదు, మోసం. కొందరు చివరి పావుగంట అంతా కథను మళ్లీ మొదటి నుంచి వివరిస్తారు, ప్రేక్షకుడికి బుద్ధి లేదన్నట్టు. మరికొందరు దృశ్యంలో లేని భయాన్ని డప్పుల మోతతో పుట్టించబోతారు. శాఖాపరమైన విచారణ నియమాలు తెలిసిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆరోపణకు ఆధారమైన పత్రాల జాబితా, సాక్షుల జాబితా అభియోగపత్రంతో పాటే ఉద్యోగి చేతికి ఇవ్వాలి. ఇవ్వని పత్రం మీద తీర్పు చెప్పకూడదు. మంచి థ్రిల్లరు నియమమూ ఇదే. ఆధారాన్ని ప్రేక్షకుడి ముందు పెట్టు, దాని అర్థాన్ని మాత్రం చివరిదాకా దాచు. రెండవసారి చూచినప్పుడు, "అయ్యో, ఇది మొదటే చూచాము గదా" అనిపించాలి.

ఇంకొక లోటు కూడా ఉన్నది. దీనిని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. ప్రతి థ్రిల్లరులోనూ మనల్ని దారి తప్పించడానికి ఒకరిద్దరు అమాయకులను నిలబెడతారు. వారిని పట్టుకుంటారు, కొడతారు, ఊరంతా వేలెత్తి చూపుతుంది. అసలు దోషి దొరకగానే కెమెరా అటు తిరుగుతుంది. ఆ అమాయకుడు ఇంటికి ఎలా వెళ్లాడు, ఇరుగుపొరుగు వారిని ఏ ముఖంతో పలకరించాడు అన్నది చూపేవారు అరుదు. అతనితో కథకు పని తీరిపోయింది. జీవితంలో మాత్రం అతని కథ అప్పుడే మొదలవుతుంది.

గాజు దొరికిన వారం ఎదురింటి గృహిణి, మా శ్రీమతి, మేము ఆమె కోసం వెతికాము. మరొక పనిమనిషిని అడిగి, పక్క సెక్టారులో పనిచేస్తున్నదని తెలుసుకుని వెళ్లాము. గృహిణి కన్నీళ్లు పెట్టుకుని, జీతం పెంచుతానని, మళ్లీ పనికి రమ్మని బతిమాలారు. మేమూ ఏదో చెప్పబోయాము గాని, పార్కులో అంత చక్కగా పలికిన నోరు అక్కడ పెగలలేదు. ఆమె అంతా విన్నది. కోపగించుకోలేదు. చివరికి హిందీలో నెమ్మదిగా ఇంతమాత్రం అన్నది: "గాజు దొరికింది, సంతోషం అమ్మా. కాని గేటు దగ్గర నా సంచి విప్పినప్పుడు నా కూతురు నా పక్కనే నిలబడి ఉంది."

ఆమె తిరిగి రాలేదు.

ఈ వ్యాసం మొదట్లో ఒక్క దోషిని బయటపెడతామన్నాము. పెట్టాము. పాఠకులు థ్రిల్లర్లు మానవద్దు. మేమూ మానలేదు, వచ్చే శుక్రవారానికి టిక్కెట్లు కొని ఉంచాము. హాలులో చీకటి ఉన్నంతసేపు ఎవరినైనా సరే అనుమానించండి, ఆ హక్కు టిక్కెట్టుతో పాటే వస్తుంది. దీపాలు వెలిగిన తరువాత మాత్రం ఆ టిక్కెట్టు చెల్లదు.

వచ్చే సంచికలో మళ్లీ కలుసుకుందాము. అంతవరకు సెలవు.